కింద కొట్టు, పైన కాపురం: ఒక మహత్తర ఆవిష్కరణ

మా ఊరి గాంధీబొమ్మ సెంటర్లో, సరిగ్గా మహాత్ముడి చేతికర్ర చూపించే దిక్కున, మూడు వారాల కిందట ఒక ఫ్లెక్సీ వెలిసింది. ఫ్లెక్సీలు వెలవడం మా ఊరికి కొత్త కాదు. పుట్టినరోజులకూ, ఓణీల వేడుకలకూ, పదవి వచ్చినందుకూ, వచ్చిన పదవి నిలవాలని మొక్కుకున్నందుకూ అవి వెలుస్తూనే ఉంటాయి. అయితే ఈ ఫ్లెక్సీలో నాయకుల ముఖాలు ఎన్నడూ లేనంత వినయంతో మూలలకు సర్దుకుని, మధ్యలో ఒక ఊరికి చోటిచ్చాయి. ఆ ఊరు మాదేనని కింద రాసి ఉండటం వల్ల మాకు తెలిసింది.

"మిశ్రమ వినియోగ అభివృద్ధి ద్వారా పట్టణ కేంద్ర పునరుజ్జీవనం" అని శీర్షిక. బొమ్మలో ఆరంతస్తుల అద్దాల భవనం, దాని ముందు పచ్చిక, ఆ పచ్చిక మీద చలికోటు తొడుక్కున్న ఒక తెల్లాయన గొలుసు పట్టుకుని కుక్కను నడిపిస్తున్నాడు. మే నెలలో నీడపట్టున నిలబడినా మాడు కాలే ఊరికి చలికోటుతో వచ్చాడంటే ఆయన గుండె ధైర్యాన్ని మెచ్చుకోవలసిందే. ఆయన పక్కన ఒకావిడ కాగితపు గ్లాసులో కాఫీ పట్టుకుని దేన్నో చూసి నవ్వుతోంది. ఆవిడ చూపు వెంట వెళితే అక్కడ మునిసిపాలిటీవారి పెద్ద కాలువ ఉండాలి, కానీ బొమ్మలో ఫౌంటెను ఉంది. ఆకాశంలో రెండు రంగురంగుల గాలిగుమ్మటాలు తేలుతున్నాయి. దగ్గరికి వెళ్ళి చూస్తే ఆ మనుషులు సగం పారదర్శకంగా ఉన్నారు, వాళ్ళలోంచి వెనక గోడ కనిపిస్తోంది. దయ్యాలకు పాదాలు వెనక్కి తిరిగి ఉంటాయని చిన్నప్పుడు విన్నాం. పాదాలు ముందుకే ఉండి, కుక్కను కూడా పెంచుకునే దయ్యాలను చూడటం ఇదే మొదటిసారి.

ఆ బొమ్మలో ఎద్దు లేదు, ఆటో లేదు, తోపుడుబండి లేదు, కరెంటు తీగల చిక్కుముడి లేదు, నిమ్మకాయా మిరపకాయా కట్టిన గుమ్మం లేదు. దుకాణాల బోర్డుల మీద ఒక్క తెలుగు అక్షరం లేదు. నల్లటి మనిషి ఒక్కడూ లేడు. ఈ చివరిది యాదృచ్ఛికమేనని నేను గట్టిగా నమ్ముతున్నాను, ఎందుకంటే నమ్మకపోతే ఈ వ్యాసం మొదట్లోనే మర్యాద తప్పుతుంది.

పునరుజ్జీవనం అనే మాట గురించి కొంచెం చెప్పుకోవాలి. చచ్చినదాన్ని మళ్ళీ బతికించడం దాని అర్థం. పొద్దున అయిదు గంటల నుంచి రాత్రి పదిన్నర దాకా నడవడానికి సందు దొరకని మా పెద్ద బజారు ఎప్పుడు చచ్చిపోయిందో, దినం ఎప్పుడు చేశారో మాకెవరికీ కబురు అందలేదు. పురాణంలో కచుణ్ణి చంపే పని రాక్షసులు చూసుకున్నారు, మృతసంజీవని చదివి బతికించే పని శుక్రాచార్యులవారు చూసుకున్నారు. రెండూ వేర్వేరు శాఖలు. మన కాలంలో పరిపాలన సరళమైంది కాబట్టి రెండు పనులూ ఒకే టెండరులో పిలుస్తున్నారు.

ఫ్లెక్సీ వెలిసిన వారానికి ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. రేపు సమావేశమనగా ఇవాళ సాయంత్రం నోటీసు బోర్డు మీద కాగితం అంటించారు కాబట్టి, నోటీసు బోర్డు కిందే బడ్డీకొట్టు పెట్టుకున్న సోడాలాయన పుణ్యమా అని బజారు మొత్తానికి తెలిసింది. నలభై మంది దాకా వెళ్ళాం. పట్నం నుంచి వచ్చిన కన్సల్టెంటుకు ముప్పై ఏళ్ళకు మించి ఉండవు. మంచి పిల్లవాడు, ఎవరి మీదా కోపం లేనివాడు, చేతిలో తెర మీది బొమ్మలు మార్చే రిమోటు, మెడలో ట్యాగు. ఆయన మా అందరినీ ప్రేమగా చూసి, "మిక్స్‌డ్ యూజ్ అంటే ఏమిటో ఎవరైనా చెప్పగలరా?" అని అడిగాడు. మందిరం నిశ్శబ్దమైంది. మూడో తరగతిలో ఎక్కం అప్పజెప్పలేక నిలబడిన రోజు జ్ఞాపకం వచ్చి చాలామంది తలలు దించుకున్నారు.

"పర్లేదు, చాలా కొత్త కాన్సెప్టు" అని ఆయన ఊరడించాడు. "ఒకే భవనంలో కింద దుకాణం ఉంటుంది, పైన ఇల్లు ఉంటుంది. వ్యాపారి ఎక్కడ పనిచేస్తాడో అక్కడే నివసిస్తాడు. పనికి వెళ్ళడానికి బండి అక్కర్లేదు, నడిచి దిగివస్తే చాలు. వీధి రాత్రి పొద్దుపోయేదాకా సందడిగా ఉంటుంది. ప్రపంచమంతా ఇప్పుడు ఇటే వస్తోంది."

ఈ మాటలు ఆయన ఎవరితో చెబుతున్నాడో ఒకసారి చూడాలి. ముందు వరసలో బంగారపు పని చేసే పెద్దాయన ఉన్నారు. తాతగారి నాటి నుంచి వాళ్ళ కుంపటి కింద, కాపురం పైన. ఆయన పక్కన ఇత్తడి సామాను షావుకారు. కొట్టు వెనక మండువా, మండువా వెనక వంటిల్లు. వెనక వరసలో దర్జీ. ముందు గదిలో రెండు మిషన్లు, మిషన్ల పైన అటక, అటక మీద ఇంటర్ చదివే కొడుకు. ఇంకా వెనక గోడకు ఆనుకుని నిలబడ్డ మందుల షాపాయన రాత్రి రెండింటికి తలుపు కొడితే మేడ మీది కిటికీలోంచి తల బయటపెట్టి, "ఏం మందు?" అని అడిగేవాడు. నడిచి దిగివస్తే చాలునన్న రహస్యం వీళ్ళకు ఆ పూట తెలిసింది.

బంగారప్పని పెద్దాయన లేచారు. ఆయనకు వ్యంగ్యం రాదు. త్రాసు ముల్లును చూసినట్టే మనిషినీ చూస్తారు. "బాబూ, కింద కొట్టు, పైన కాపురం అంటున్నారు, సంతోషం. మెట్లు లోపలినుంచా, బయటినుంచా?" అని అడిగారు. కన్సల్టెంటు కాసేపు ఆలోచించి, "లిఫ్టు ఉంటుంది సార్" అన్నాడు. "కరెంటు పోతే?" "జనరేటరు ఉంటుంది." "దాని డబ్బులెవరివి?" "మెయింటెనెన్స్ ఛార్జీల్లో కలిసిపోతాయి." పెద్దాయన తల ఊపి, "మెట్లు లోపలినుంచే ఉండాలి బాబూ, రాత్రిపూట కింద చప్పుడైతే దిగి చూసుకోవాలి, వీధిలోకి వచ్చి తిరిగి పోవాలంటే ఈలోపు సరుకు పోతుంది" అని చెప్పి కూర్చున్నారు. కన్సల్టెంటు సహాయకురాలు దాన్ని ల్యాప్‌టాపులో "భద్రతాపరమైన ఆందోళన" అని ఎక్కించింది. వందేళ్ళ వాస్తుజ్ఞానం ఆ విధంగా ఒక ఆందోళనగా నమోదైంది.

తర్వాత దర్జీ లేచాడు. పండగల ముందు రాత్రి రెండింటి దాకా మిషను తొక్కుతామనీ, పైన ఎవరో అద్దెకుంటే చప్పుడుకు ఊరుకుంటారా అనీ ఆయన సందేహం. "సౌండ్ ప్రూఫ్ గ్లాసు వేస్తాం" అన్నాడు కన్సల్టెంటు. "మరి గ్లాసు వేసేస్తే బజార్లో పోయేవాణ్ణి, 'ఏమయ్యో, నీ ప్యాంటు అయిపోయింది, పట్టుకుపో' అని పిలిచేదెలా?" అని దర్జీ అడిగిన ప్రశ్నకు ఇంతవరకు ప్రపంచంలో ఏ దేశంలోనూ సమాధానం దొరికినట్టు లేదు, రిమోటు నొక్కి తర్వాతి బొమ్మకు వెళ్ళిపోయారు.

ఆ తర్వాతి బొమ్మ గురించే నేను ఈ వ్యాసం రాస్తున్నాను. "ప్రస్తుత పరిస్థితి: క్రమబద్ధత లేని మిశ్రమ వినియోగం" అని ఎర్రక్షరాల శీర్షిక, దాని కింద మా పెద్ద బజారు ఫోటో, ఫోటోలో ఒక మేడ చుట్టూ ఎర్రటి గుండ్రం. కింద షట్టరు సగం ఎత్తి ఉంది, పైన పిట్టగోడ మీద ఒక బనీను ఆరేసి ఉంది. బాణం గుర్తు సరిగ్గా బనీను మీదికి గురిపెట్టి ఉంది. బంగారప్పని పెద్దాయన కళ్ళజోడు సవరించుకుని, తెర దగ్గరికి నడిచి వెళ్ళి, చాలాసేపు చూసి, వెనక్కి తిరిగి, "ఇది నా బనీనండీ" అన్నారు.

ఎవరూ నవ్వలేదు. ఆయన గొంతులో ఫిర్యాదు లేదు; పోగొట్టుకున్న వస్తువు ఆచూకీ దొరికినవాడి నిదానం ఉంది. కన్సల్టెంటు మరో బొమ్మ మార్చాడు: "ప్రతిపాదిత పరిస్థితి: ఆధునిక మిశ్రమ వినియోగం." అందులోనూ కింద కొట్టు, పైన ఇల్లు. అదే వీధి, అదే మలుపు. పిట్టగోడ మీద బనీను లేదు, కింద కుక్కాయన ఉన్నాడు. పట్టణ ప్రణాళికా శాస్త్రాన్ని ఇంతకన్నా క్లుప్తంగా ఎవరూ చెప్పలేరు: బనీను తీసి కుక్కను పెడితే అభివృద్ధి.

ఆ బనీను గల మేడ లోపల ఏముందో ఆ బాణం చెప్పదు కాబట్టి నేను చెబుతాను. వెడల్పు పదకొండు అడుగులు, లోతు డెబ్భై పైచిలుకు. ముందు అరుగు, తర్వాత కొట్టు, తర్వాత పని గది, తర్వాత ఆకాశం కనిపించే చిన్న వాకిలి, చివర వంట. మెట్లు, మనవి చేసినట్టే, లోపలినుంచి. అరుగు ఒక్కటే అయినా కాపురాలు మూడు: తెల్లవారుజామున పాలు పోసేవాడి క్యాన్లు దాని మీదే ఉంటాయి, సాయంత్రం పూలామె బుట్ట దాని మీదికి వస్తుంది, రాత్రి తొమ్మిదికి షట్టరు దించాక పెసరట్లబండి ముందు తినేవాళ్ళు దాని మీద కూర్చుంటారు. పెద్దాయన ఎవరి దగ్గరా అద్దె పుచ్చుకోరు. పాలవాడు ఒక చెంబెడు పాలు తక్కువ ధరకు పోస్తాడు, పూలామె పండగనాడు మూర ఎక్కువ కొలుస్తుంది, పెసరట్లాయన రాత్రిపూట తాళాలు చూసిపెడతాడు. ఈ ఒప్పందానికి స్టాంపు కాగితం లేదు. వీధిలో మేడల మీద మనుషులు పడుకుంటారు కనుక దొంగకు భయం, ఒంటరిగా పోయే ఆడపిల్లకు ధైర్యం; పైన కాపురం పోయి ఉత్త దుకాణాలే మిగిలిన వీధిలో తొమ్మిదిన్నర దాటితే రెండూ తలకిందులవుతాయి.

ఇది మా ఊరి గొప్ప కాదు. చీరాల బట్టల బజారులోనైనా, ప్రొద్దుటూరు బంగారపు వీధుల్లోనైనా, ఆంధ్రా ప్యారిస్ అని పేరు పడ్డ తెనాలిలోనైనా ఈ కథే. మంగళగిరిలోనూ పోచంపల్లిలోనూ నేతపనివారి ఇళ్ళకు వెళితే మగ్గం గుంట ఉన్న గదిలోనే పక్కలు పరుస్తారు, ఆసు పోసే చోటే చంటిపిల్లకు ఉయ్యాల కడతారు. దీనికి పేరు పెట్టాలని ఎవరికీ తోచలేదు, అన్నం తినడానికి పేరేముంటుంది? కరెంటు శాఖవారు మాత్రం దీన్ని ఎప్పుడో గుర్తించారు: మా బజారులో ప్రతి గోడకూ రెండు మీటర్లు, ఒకటి కొట్టుకు, ఒకటి కాపురానికి, రెండు ధరలు. బిల్లు వేయడానికి పనికొచ్చిన మిశ్రమ వినియోగం ప్లాను మంజూరుకు వచ్చేసరికి "క్రమబద్ధత లేనిది" అయిపోతుంది.

ఎందుకయిపోతుందంటే, ఊరికి మాస్టర్ ప్లాను ఉంటుంది, మాస్టర్ ప్లానుకు రంగులుంటాయి. మనిషి కాపురముండే చోటుకు పసుపు, వ్యాపారం చేసే చోటుకు నీలం, పరిశ్రమకు ఊదా. 1920 నాటి మద్రాసు టౌన్ ప్లానింగ్ చట్టం వచ్చేనాటికే మా బజారుకు వయసు మీరింది. తాను పగలు నీలంగా, రాత్రి పసుపుగా ఉంటున్నానన్న అపరాధం దానికి తెలియలేదు. ఇప్పుడా మేడ కూలిపోతే పెద్దాయన మనవడు అదే కొలతల్లో మళ్ళీ కట్టుకోలేడు. రోడ్డు వెడల్పుకు ముందు ఇంత వదలాలి, గాలికి వెనక ఇంత వదలాలి, బండ్లకు కింద ఇంత వదలాలి. పదకొండడుగుల స్థలంలో ఇవన్నీ వదిలాక మిగిలేది మెట్లకు సరిపోతుంది, ఆ మెట్లు ఎక్కితే చేరేందుకు ఏమీ మిగలదు. కాబట్టి పాతవాళ్ళు మేడకు టేకు దూలాలు ఊతంగా పెట్టి, ఏ వానకు ఏ గోడ జారుతుందోనని చూస్తూ కూర్చుంటారు. నియమాలు కట్టనివ్వక శిథిలమైన మేడలనే ఫోటో తీసి తెర మీద చూపించి, చూశారా, మీ ఊరి కేంద్రం ఎంత శిథిలమైపోయిందో అని జాలిపడతారు.

ఊరిని బాగుచెయ్యాలని ప్రభుత్వాలు సంకల్పించడం కూడా ఇది మొదటిసారి కాదు. 1979-80లో కేంద్రం చిన్న, మధ్యతరహా పట్టణాల సమగ్ర అభివృద్ధి పథకం పెట్టింది. దాని ఇంగ్లీషు పొడి అక్షరాలే నేటికీ మా ఊళ్ళో ఒక భవనం పేరు. "ఐడీఎస్ఎంటీ కాంప్లెక్సు పక్క సందు" అంటే రిక్షా అతను కూడా తీసుకెళతాడు, ఆ అక్షరాలకు అర్థం మాత్రం అందులో అద్దెకున్నవాళ్ళకు కూడా తెలియదు. కింద వరస కొట్లకు గుడ్‌విల్ వేలంలో తలలు పగలగొట్టుకున్నారు. పాడుకున్నది ఒకరు, నడిపేది మరొకరు, మునిసిపాలిటీకి వచ్చే అద్దె ఒకటి, చేతులు మారే అద్దె దానికి నాలుగింతలు. పై అంతస్తు కొట్లు పాడేవాడు లేక ఖాళీగా ఉన్నాయి, మెట్ల మలుపులు ముక్కు మూసుకుంటే తప్ప ఎక్కలేం, వరండాలో కుక్కలు పిల్లల్ని పెట్టుకున్నాయి. ఆ పథకం 2005లో మరో పథకంలో కలిసింది, 2015లో ఇంకో పథకం వచ్చింది, ప్రతిసారీ పేరు మారింది. ఊరి కేంద్రంలో కుక్కలు విహరించాలన్న కల మాత్రం, చూశారుగా, మేం ఎప్పుడో నిజం చేసుకున్నాం. వాటికి గొలుసు ఒక్కటే తక్కువ.

ఇక్కడ ఒక పాత సంగతి గుర్తుకొస్తోంది. 1914లో మద్రాసు గవర్నరు లార్డ్ పెంట్లండ్ పిలుపు మీద పాట్రిక్ గెడ్డెస్ అనే స్కాట్లండు ఆచార్యుడు మన దేశానికి వచ్చాడు. నగరాల పటాలూ, నమూనాలూ ఒక పెద్ద ప్రదర్శనగా కూర్చి ఓడలో పంపించాడు. ఆ సెప్టెంబరులో మద్రాసు మీద గుండ్లు కురిపించిన జర్మన్ యుద్ధనౌక ఎండెనే ఆ ఓడనూ ముంచేసింది. ఆచార్యుడు స్నేహితుల సాయంతో కొత్త పటాలు కూర్చుకున్నాడు, కానీ పటాలు తెరవకముందే ఊళ్ళ సందుల్లో కాలినడకన తిరగడం ఆయన పద్ధతి. మద్రాసు ప్రెసిడెన్సీలోని పట్టణాలు తిరిగి, ఉన్న వీధిని ఉన్నట్టే ఉంచి, ఎక్కడ తప్పదో అక్కడ మాత్రం కత్తి పెట్టాలన్నాడు. ఒక పాడుబడ్డ గోడ తీస్తే సందుకు గాలి వస్తుంది, ఒక ఖాళీ జాగాలో చెట్టు నాటితే పదిమంది కూర్చుంటారు, ఆపాటి దానికి వీధి వీధిని పడగొట్టడం వైద్యం కాదన్నాడు. నూటపదేళ్ళు దాటిపోయాయి. మన కన్సల్టెంట్ల తెరబొమ్మలు ఇప్పుడు ఓడల్లో రావడం లేదు, కనుక ఎండెన్ వచ్చినా ఉపయోగం లేదు.

నిజానికి మా బజారుకు జబ్బు లేదని నేననను. కాలువలు పూడిపోయాయి. పండగ వారం బండి పెట్టడానికి చోటు ఉండదు. పిల్లలు హైదరాబాదుకూ అమెరికాకూ పోవడం వల్ల సగం మేడల మీద ముసలివాళ్ళిద్దరూ, తాళం వేసిన గదులూ మిగిలాయి. ఆ గదులు బాగుచేసి ఉద్యోగస్థులకు అద్దెకిచ్చుకోవడానికి పాత కొలతల మీదే అనుమతీ, కొంచెం అప్పూ ఇస్తే ఊరి నడిబొడ్డున ఎన్ని కాపురాలు నిలబడతాయో లెక్క కట్టవచ్చు. ఆ లెక్క ఎవరూ కట్టలేదు. అద్దాల భవనానికి అద్దాలు ఎన్ని చదరపు గజాలు పడతాయో మాత్రం కట్టారు.

ఇక ఆడవాళ్ళ సంగతి. బజారు మొగలో తెల్లవారుజామున అయిదింటికి వచ్చి ఆకుకూరల గంపలు దించే ఆడవాళ్ళు పదహారు మంది ఉన్నారు. వాళ్ళు మధ్యాహ్నం ఇంటికి పోయేదాకా మంచినీళ్ళు ముట్టరు. ఎండలో ఏడెనిమిది గంటలు కూర్చుని కూడా ముట్టరు. ఎందుకో నేను చెప్పనక్కర్లేదు, ఈ తెలుగు దేశంలో ఏ బజారులో ఏ ఆడమనిషిని అడిగినా చెబుతుంది. ఆ పదహారు మందికి తలుపూ, గొళ్ళెమూ, నీళ్ళూ ఉన్న ఒక్క మరుగుదొడ్డి కట్టించలేని సంస్థ ఫౌంటెను కట్టిస్తుందట. సమావేశంలో ఈ మాట నేనే అడిగాను. భవనంలో రెండో అంతస్తున ఫుడ్ కోర్టు పక్కన అంతర్జాతీయ ప్రమాణాలతో ఉంటాయని జవాబు వచ్చింది. గంప కింద వదిలేసి, అద్దాల తలుపు దగ్గరి సెక్యూరిటీని దాటి, లిఫ్టెక్కి ఆమె రెండో అంతస్తుకు వెళ్ళి రావాలి. సెక్యూరిటీవాడు ఆమెను లోపలికి రానిస్తాడా అని అడగబోతే సమయం మించిపోయింది, టీ ఇచ్చారు.

అయినా ఆ ప్రశ్న ఎందుకు? ఆ పదహారు మందికీ ప్లానులో చోటే లేదు. వాళ్ళను ఊరవతల బైపాసు దాటాక మూడు కిలోమీటర్ల దూరాన రేకుల షెడ్డులోకి మారుస్తారట. అక్కడికి వంద గ్రాముల కొత్తిమీర కొనడానికి ఆటోకు ముప్పై రూపాయలిచ్చుకుని ఎవడు పోతాడు? వాళ్ళు "ఆక్రమణదారులు" అని ఆ కాగితంలో రాసి ఉంది. ఆక్రమణదారులా? ముప్పై ఏళ్ళుగా రోజూ వాళ్ళ దగ్గర ఆశీలు వసూలు చేయడానికి ఏటేటా వేలంపాట పెట్టిందెవరు? చినిగిన చీటీ చేతిలో పెట్టి పది రూపాయలు గుంజుకునేటప్పుడు వాళ్ళు ఆక్రమణదారులని తెలియలేదా? 2020లో వీధి వ్యాపారులకు పదివేల రూపాయల అప్పు పథకం వచ్చినప్పుడు, వీళ్ళను నిలబెట్టి ఫోటోలు తీసి, గుర్తింపు కార్డులు మెడలో వేసిందీ ఇదే కార్యాలయం. ఆ అప్పు వాయిదా కట్టడానికి పోయిన రోజునే ఒకామె గంప ఎత్తి ట్రాక్టరులో పారేశారు. తూకపు రాళ్ళు కాలువలో పడ్డాయి. రాళ్ళు ఏరుకోవడానికి ఆమె కాలువలోకి దిగితే పైన నిలబడి ఒకడు సెల్లులో వీడియో తీశాడు. ఆ కాలువ మీదే ఫౌంటెను బొమ్మ గీశారు. సిగ్గుండాలి.

చట్టం లేక కాదు. వీధి వ్యాపారుల చట్టం 2014 మే 1 నుంచి అమల్లో ఉంది. సర్వే పూర్తి చేసి, అందరికీ ధ్రువపత్రాలు ఇచ్చేదాకా ఎవరినీ లేపకూడదని అందులో ఉంది. లేపక తప్పకపోతే ముప్పై రోజుల ముందు నోటీసివ్వాలని ఉంది. పట్టణ వీధి వ్యాపార కమిటీలో నూటికి నలభై మంది వీధి వ్యాపారులే ఉండాలని, వాళ్ళలో మూడోవంతు ఆడవాళ్ళు ఉండాలని ఉంది. యాభై ఏళ్ళకు పైగా అమ్మకాలు సాగుతున్న సహజ బజార్లను వారసత్వ బజార్లుగా ప్రకటించాలని, అక్కడివాళ్ళను కదపకూడదని దాని షెడ్యూలులో ఉంది. మా బజారు మొగలో ఆకుకూర అమ్మేవాళ్ళలో ముగ్గురు తల్లుల చోటులో కూర్చున్నారు, ఒకామె అమ్మమ్మ చోటులో కూర్చుంది. వారసత్వమంటే రాతి కోటకేనా, గోంగూర కట్టకు ఉండదా? కమిటీ ఉందా అని అడిగాను. ఉంది, కాగితం మీద ఉంది, అందులో ఆకుకూరల ఆడమనిషి ఎవరూ లేరు. పట్టణ ప్రణాళిక మీ చేతుల్లో పెడుతున్నామని 74వ రాజ్యాంగ సవరణ 1993లో మునిసిపాలిటీలకు పన్నెండో షెడ్యూలు రాసిచ్చింది, అందులో మొట్టమొదటి అంశం అదే. మా కౌన్సిలువారు ఆ బరువైన బాధ్యతను ఎక్కువసేపు మోయలేక కుక్కాయన చేతిలో పెట్టారు.

అభ్యంతరాలు పదిహేను రోజుల్లో లిఖితపూర్వకంగా ఇవ్వవచ్చునన్నారు కాబట్టి నేను ఇచ్చాను. మొత్తం నాలుగు పేజీలు. మరుగుదొడ్డి గురించి ఒక పేజీ, ఆకుకూరల చోటు గురించి రెండు పేజీలు, మేడలకు పాత కొలతల్లో అనుమతి గురించి ముప్పాతిక పేజీ రాశాక, కింద కొంచెం చోటు మిగిలితే కుక్కాయన చిరునామా అడిగాను. ఆయన మా ఊళ్ళో ఎక్కడ కాపురముంటున్నారో తెలిస్తే, నెలకు మా బజారులో ఎంత ఖర్చు పెడతారో కనుక్కుందామని, కనీసం కుక్కకు బెల్టయినా మా చర్మకారుల దగ్గర కొంటారేమోనని ఆశ.

ఇన్వార్డు గుమాస్తా కాగితాలు తిరగేసి, "మూడు సెట్లు కావాలి సార్, కింద జిరాక్సు తీయించుకు రండి" అన్నారు. కిందికి దిగాను. జిరాక్సు కొట్టు ఏడడుగుల వెడల్పు. వెనక తెరగుడ్డ, తెరగుడ్డ వెనక కాపురం. మిషను వేడెక్కేలోపు లోపల పోపు చిటపటలాడింది, "అన్నం చల్లారిపోతోంది" అని ఎవరో పిలిచారు. "రెండు నిమిషాలు" అని ఆయన అక్కడినుంచే కేకవేసి, నా నాలుగు పేజీలను పన్నెండు చేసి, అంచులు సర్ది, పిన్ను కొట్టాడు. డబ్బులిస్తూ చూస్తే ఆయన గడప పక్క గోడ మీద, మీటర్లు రెండింటికీ మధ్య, ఎర్రరంగు పెయింటుతో ఒక బాణమూ, నలభై అనే అంకె వేసి ఉన్నాయి. ఎప్పుడు వేశారని అడిగాను. నిన్న కొలతలు తీసే చైన్‌మన్ వచ్చి వేసి వెళ్ళాడట. రంగు ఆరకముందే పాప ముట్టుకుని గౌను పాడుచేసుకుందని చెప్పి, మూడు రూపాయలు చిల్లర ఇచ్చి, ఆయన అన్నానికి లోపలికి వెళ్ళాడు.